ట్రమడాల్ అలవాటు, నాలుగు డయాలసిస్‌లు: అన్నయ్య కిడ్నీలు తిరిగొస్తాయా?

ఈ ప్రశ్న అడిగినావిడ అన్నయ్యకి ఇరవై తొమ్మిదేళ్లు, టైల్స్ మేస్త్రీ. రెండేళ్ల కిందట నడుం నొప్పికి సైటులో తోటి పనివాడు ఒక బిళ్ల ఇచ్చాడు. ట్రమడాల్, పారాసెటమాల్ కలిసిన బిళ్ల. అది ఇప్పుడు రోజుకి పదిహేను, పదహారు దాకా వెళ్లింది. ఒక రాత్రి మందు తాగి, పైన నిద్రమాత్ర కూడా వేసుకున్నాడట. తెల్లారి చూస్తే బాత్రూం నేల మీద, కుడికాలు ఒంటి కింద మడతపడి, స్పృహ లేకుండా ఉన్నాడు. ఊళ్లో ఆర్ఎంపీ కాలు నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేశాడు. టౌన్లో ఆస్పత్రికి చేరేసరికి మూత్రం కోకాకోలా రంగులో ఉంది, సీపీకే (కండ చితికితే రక్తంలో పెరిగే ఎంజైమ్) 62,000. మూడో రోజుకి క్రియాటినిన్ (కిడ్నీ పనిచేయకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 7.4. నాలుగు డయాలసిస్‌లు అయ్యాయి. ఇవాళ పన్నెండో రోజు. మూత్రం రోజుకి లీటరున్నర వస్తోంది, మూడు రోజులుగా డయాలసిస్ లేదు, క్రియాటినిన్ 5.1. పోలీసు కేసు అవుతుందన్న భయంతో బిళ్లల సంగతి ఇంట్లోవాళ్లు డాక్టర్లకి మూడో రోజుగానీ చెప్పలేదు.

ఆవిడ అడిగినవి ఇవి. కిడ్నీలు శాశ్వతంగా పోయినట్టేనా? డాక్టరుగారు "బిళ్లల వల్లే" అన్నారు, నిజంగా అవే కారణమా? నిద్ర పట్టక, కాళ్లు కొట్టుకుంటూ ఒక్క బిళ్ల ఇవ్వమని బతిమాలుతున్నాడు, ఇవ్వొచ్చా? చుట్టాలు చెప్పిన వేరు మందు వాడాలా? చివర్లో మొహమాటంగా ఇంకోటి అడిగారు: సంబంధం కుదిరి ఉంది, అవతలి వాళ్లకి చెప్పాలా?

అమ్మా, నేను కిడ్నీ డాక్టర్ని. ఇరవై ఏళ్లుగా ఇదే పని. మీరు రాసిన అంకెల్లో నాకు ధైర్యం ఇచ్చింది క్రియాటినిన్ కాదు, ఆ లీటరున్నర. డయాలసిస్ ఆపాక మూత్రం అంత వస్తూ, క్రియాటినిన్ పెరగకుండా నిలబడిందంటే కిడ్నీలు మేలుకుంటున్నాయని అర్థం. రేపటి నుంచి అది దానంతట అదే దిగడం మొదలుపెడితే నా లెక్కలో మీరు సగం గట్టెక్కినట్టే.

అసలు ఆ రాత్రి ఏం జరిగిందో తెలిస్తే మిగతా ప్రశ్నలకి జవాబులు వాటంతటవే వస్తాయి. 1941లో లండన్ మీద జర్మన్ బాంబులు పడుతున్న రోజుల్లో ఎరిక్ బైవాటర్స్ అనే డాక్టర్ ఒక వింత గమనించాడు. కూలిన ఇళ్ల కింద గంటల తరబడి కాలో చెయ్యో నలిగినవాళ్లని ప్రాణాలతో బయటికి తీసేవారు. మొదటి రోజు బాగానే మాట్లాడేవారు. తర్వాత మూత్రం నల్లబడి, తగ్గిపోయి, వారం అటూఇటుగా చాలామంది చనిపోయేవారు. నలిగిన కండలోంచి మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలోకి కారి, కిడ్నీలోని సన్నటి గొట్టాల్లో పేరుకుని వాటిని చంపేస్తుంది. మీ అన్నయ్య మీద గోడ కూలలేదు. ఆయన ఒళ్లే ఆయన కాలి మీద గోడలా పడింది. మామూలు నిద్రలో కాలు తిమ్మిరెక్కితే మనకి తెలియకుండానే పక్కకి తిరుగుతాం. ట్రమడాల్, మందు, నిద్రమాత్ర మూడూ కలిసిన మత్తులో ఆ తిరగడమే ఉండదు. ఐదారు గంటలు అలాగే ఉంటే కండ చచ్చిపోవడం మొదలవుతుంది.

కాబట్టి మీ డాక్టరుగారు "బిళ్లల వల్లే" అన్నది తప్పు కాదుగానీ, మీకు అర్థమైన రీతిలో కాదు. రెండేళ్లుగా ఆ బిళ్లలు కిడ్నీని చెదపురుగుల్లా తింటూ వచ్చి ఇప్పుడు ఖాళీ చేశాయని మీరు అనుకుంటున్నారు. అదే అయితే నేను ఇంత ధైర్యంగా రాసేవాణ్ణి కాదు. ఇది ఒక్క రాత్రిలో తగిలిన దెబ్బ. సీపీకే మామూలుగా రెండు వందల లోపు ఉంటుంది. ఐదు వేలు దాటితే మేం కిడ్నీ గురించి కంగారు పడతాం. మీ దగ్గర 62,000. దానికి తోడు మత్తులో ఊపిరి మందగించి ఆక్సిజన్ తగ్గుంటుంది, బీపీ పడిపోయుంటుంది, తాగిన మందు వల్ల ఒళ్లు ఎండిపోయుంటుంది. ఆ స్థితిలో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్! ఆర్ఎంపీని తిట్టాలని కాదు, ఆయనకి కాలు వాపే కనబడింది. కానీ నీళ్లు తగ్గిన కిడ్నీకి వెళ్లే రక్తాన్ని ఆ మందు ఇంకా కుదిస్తుంది. ఇవన్నీ కలిసే ఈ పని చేశాయి.

ఫైల్లో మొదటి రోజు యూరిన్ రిపోర్టు ఉంటే ఒకసారి చూడండి. స్ట్రిప్ పరీక్షలో రక్తం మూడు ప్లస్సులని ఉండి, మైక్రోస్కోపు కింద ఎర్ర కణాలు లేవనో ఒకటీ రెండనో రాసుంటే, అది రక్తం కాదు, కండ రంగు. స్ట్రిప్ రెంటినీ ఒకేలా చూపిస్తుంది.

ఇలా కండ దెబ్బతో ఆగిపోయిన కిడ్నీలు ఈ వయసువాళ్లలో ఎక్కువమందికి తిరిగొస్తాయి. కొన్ని వారాలు పట్టొచ్చు, కొందరికి రెండు మూడు నెలలు. పూర్తిగా మునుపటిలా వస్తాయా, కొంత తరుగు మిగులుతుందా అన్నది మూడు నెలల దగ్గర తేలుతుంది. అప్పుడు క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో ప్రోటీన్ కూడా చూడాలి. క్రియాటినిన్ 1.1కి వచ్చింది కదా అని చాలామంది ఆ రెండో పరీక్ష మానేస్తారు. మిగిలిన దెబ్బ ఎక్కువగా బయటపడేది అందులోనే.

ఈ రెండు వారాలు తిండీ తాగుడూ గురించి ఒక మాట. ఆస్పత్రికి చూడ్డానికి వచ్చే ప్రతి చుట్టం చేతిలో కొబ్బరిబొండాం ఉంటుంది. దయచేసి అది తాగించకండి. చచ్చిన కండలోంచి ఇప్పటికే పొటాషియం బోలెడంత రక్తంలోకి వచ్చింది, దాన్ని బయటికి పంపాల్సిన కిడ్నీ సగమే పనిచేస్తోంది. బొండాంలో ఉన్నది కూడా పొటాషియమే. అది ఎక్కువైతే గుండె ఆగుతుంది, చెప్పి ఆగదు. అరటిపండు, బత్తాయి రసం కూడా డాక్టరు సరేననేదాకా వద్దు. "నీళ్లు బాగా తాగిస్తే కిడ్నీలు కడుక్కుపోతాయి" అన్నదీ ఇక్కడ అక్షరాలా పనికిరాదు. మూత్రం రానప్పుడు తాగించిన నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఇప్పుడు మూత్రం వస్తోంది కాబట్టి కథ తిరగబడొచ్చు. కోలుకునే దశలో రోజుకి మూడు నాలుగు లీటర్లు పోసేవాళ్లున్నారు. అప్పుడు తక్కువ తాగితే కిడ్నీ మళ్లీ ఎండుతుంది. ఎంత వచ్చిందో కొలిచి రాసిపెట్టి, దాన్ని బట్టి ఎంత తాగాలో రోజూ డ్యూటీ డాక్టర్‌ని అడగండి. కాల్షియం కూడా అడగండి. మొదట తగ్గి, కోలుకునేటప్పుడు ఉన్నట్టుండి పెరిగే గుణం ఉంది దానికి. తగ్గినప్పుడు లక్షణాలు లేకపోతే కాల్షియం ఎక్కించకపోవడమే మంచిది.

ఇక బిళ్లల గురించి వివరంగా. ట్రమడాల్ నల్లమందు కుటుంబంలోది, ఓపియాయిడ్. మామూలు కిడ్నీలున్నవాళ్లకి రోజుకి 400 మిల్లీగ్రాములు గరిష్ఠం. మీ అన్నయ్య వేసుకునే రకంలో ఒక్కో బిళ్లకి ట్రమడాల్ 37.5, పారాసెటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. పదహారు బిళ్లలంటే ట్రమడాల్ 600, పారాసెటమాల్ 5,200. మొదటిది ఫిట్స్ తెప్పించే మోతాదు. ఫిట్స్ వస్తే మళ్లీ కండ చితుకుతుంది, మళ్లీ కిడ్నీ మీదకే. రెండోది నాలుగు గ్రాముల హద్దు దాటింది కాబట్టి లివర్ మీద పడుతుంది. లివర్ పరీక్షలు చేశారో లేదో కనుక్కోండి. కొందరు డైక్లోఫెనాక్ కలిసిన ట్రమడాల్ వాడతారు. వాళ్లలో మీరు భయపడుతున్న చెదపురుగుల కథ నిజంగానే జరుగుతుంది, నెలల తరబడి మెల్లగా. అందుకే స్ట్రిప్పు వెనక సన్న అక్షరాలు ఫోటో తీసి డాక్టరుకి చూపించండి. "నొప్పి బిళ్ల" అంటే మాకు ఏదీ తెలియదు.

ఇంకో సంగతి జనానికి తెలియదు. ఈ జాతి మందులన్నీ మూత్రాశయాన్ని మొద్దుబారుస్తాయి. నిండినా తెలియదు, పోయాలన్నా రాదు. నిండిన మూత్రం వెనక్కి ఒత్తితే కిడ్నీలు ఉబ్బుతాయి. అలా వచ్చిన కుర్రాడికి యూరిన్ పైపు వేయగానే ఒకేసారి లీటరు పైన వచ్చి, రెండ్రోజుల్లో క్రియాటినిన్ దిగిపోవడం నేను చూశాను. అదృష్టవంతుడు. వాడికి డయాలసిస్ అవసరమే పడలేదు.

మీ అన్నయ్య ఇంజెక్షన్లు చేసుకోలేదన్నారు. నిజమేనా అని ఆయన్ని ఒంటరిగా కూర్చోబెట్టి, కోపం లేకుండా మళ్లీ ఒకసారి అడగండి. ఎందుకంటే బిళ్లని నూరి నీళ్లలో కలిపి నరానికి ఎక్కించుకునేవాళ్ల కిడ్నీ కథ పూర్తిగా వేరు. సూది పంచుకుంటే హెపటైటిస్ సి, హెచ్ఐవీ వస్తాయి, రెండూ కిడ్నీ జల్లెడని పాడుచేస్తాయి. సూది పుండ్లు ఏళ్ల తరబడి మానకపోతే అమిలాయిడ్ అనే ప్రోటీన్ కిడ్నీలో పేరుకుంటుంది. బిళ్లలో మందు కాని పదార్థాలు కూడా దెబ్బతీస్తాయి. అమెరికాలో ఒపానా ఈఆర్ అనే ఓపియాయిడ్ నొప్పి బిళ్లని జనం నూరి వాడుతున్నారని కంపెనీ 2012లో నూరడానికి లొంగని పాలిమర్ కలిపి తయారుచేసింది. జనం దాన్ని కరిగించి నరానికి ఎక్కించారు. అదే ఏడాది టెనెస్సీ రాష్ట్రంలో వరసగా కొందరికి ఎర్ర కణాలు చితికి, ప్లేట్‌లెట్లు పడిపోయి, కిడ్నీలు దెబ్బతిన్నాయి. దోషి మత్తుమందు కాదు, ఆ పాలిమర్. చివరికి 2017 జూన్‌లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ బిళ్లని మార్కెట్ నుంచి తీసేయమంది. అందుకే హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షల రిపోర్టులు ఫైల్లో ఉన్నాయేమో చూడండి. డయాలసిస్‌కి ముందు ఎలాగూ చేస్తారు.

(మధ్యలో ఒక మాట. ఇలాంటివి చదివి "ఉద్దానంలో కిడ్నీ జబ్బు కూడా ఇదేనా" అని అడుగుతుంటారు. కాదు. అక్కడిది ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ముదిరే జబ్బు. ఇలా ఒక్క రాత్రిలో వచ్చి, కోలుకునే అవకాశమున్న దెబ్బ కాదు.)

ఇప్పుడు మీ అసలు టెన్షన్ దగ్గరికి వద్దాం. ఒక్క బిళ్ల ఇవ్వొచ్చా? ఇవ్వకండి. అలాగని ఆయన్ని పళ్లు బిగబట్టుకుని భరించమనీ అనకండి. ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లు గగుర్పొడవడం, వాంతులు, విరేచనాలు, కాళ్లు పీకడం, ఇవన్నీ విత్‌డ్రాయల్, అంటే అలవాటైన మందు ఆగినప్పుడు ఒంట్లో వచ్చే బాధలు. నటన కాదు. వాంతులు, విరేచనాలతో నీళ్లు పోతే ఇప్పుడిప్పుడే లేస్తున్న కిడ్నీ మళ్లీ కూలబడుతుంది. కాబట్టి దీనికి వైద్యం చేయడం కిడ్నీ వైద్యంలో భాగమే. మీరు మొదటి రెండు రోజులు బిళ్లల సంగతి దాచినప్పుడు ఆయన వణుకునీ వాంతులనీ డాక్టర్లు యూరియా పెరగడం వల్లే అనుకుని ఉంటారు. నేనైనా అలాగే అనుకునేవాణ్ణి.

సైకియాట్రిస్ట్‌ని ఇవాళే చూపించమని అడగండి. డిశ్చార్జ్ అయ్యాక కాదు, మంచం మీద ఉండగానే. ఈ అలవాటుకి బ్యూప్రెనార్ఫిన్ అనే మందు ఉంది, నాలుక కింద పెట్టుకునేది. అది ఎక్కువగా లివర్ ద్వారా పోతుంది, కిడ్నీలు దెబ్బతిన్నా వాడొచ్చు. "మత్తుకి మత్తే మందా" అని మీ నాన్నగారు అంటారు. చాలామంది నాన్నలు అన్నారు. ఎగుడుదిగుడు లేకుండా ఒకే మోతాదు మీద నిలబెట్టి, ఆ పదహారు బిళ్లల వేట మాన్పించడం దాని పని. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంతకాలం వాడాలి అన్నది సైకియాట్రిస్ట్ చూసుకుంటారు. దగ్గర్లో డీఅడిక్షన్ సెంటర్ ఎక్కడుందో 14446కి ఫోన్ చేస్తే చెబుతారు, టోల్ ఫ్రీ.

ట్రమడాల్ ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. మీ ఇంట్లో ప్రతి ఒక్కరూ వినాల్సింది ఇదే. ట్రమడాల్ శరీరంలో ఇంకో పదార్థంగా మారుతుంది, అది దానికంటే ఘాటు. రెండూ బయటికి పోవాల్సింది ఎక్కువగా మూత్రం దారినే. కిడ్నీ బాగా తగ్గినవాళ్లకి నొప్పి కోసం రాసినా రోజుకి 200 దాటనివ్వం, అదీ పన్నెండు గంటలకోసారి. అదే జాతి నొప్పి మందు టాపెంటడాల్ అయితే కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి అసలు రాయం. డయాలసిస్ చేసినప్పుడు కొట్టుకుపోతుందిలే అనుకోకండి. నాలుగు గంటల డయాలసిస్‌లో పోయేది ఏడు శాతంలోపే. ఇంకోపక్క, పన్నెండు రోజులుగా బిళ్లలు లేకపోవడంతో ఒంటికి ఆ పాత అలవాటు తగ్గిపోయింది. రెండేళ్లలో పెంచుకున్న తట్టుకునే శక్తి రెండు వారాల్లో కరిగిపోతుంది. ఇంటికి వెళ్లిన మొదటి వారం పాత స్నేహితుడెవరో వస్తాడు, నిద్ర పట్టడం లేదు, జేబులో స్ట్రిప్పు ఉంటుంది. ఒకప్పుడు వేసుకుని హాయిగా పనికి వెళ్లిన ఆ పదహారు బిళ్లలే ఇప్పుడు ఊపిరి ఆపగలవు. నా దగ్గర కోలుకుని నవ్వుతూ వెళ్లినవాళ్లలో ఇద్దరు మళ్లీ రివ్యూకి రాలేదు. డయాలసిస్ దాటి, అలా పోయారు.

అందుకే ఇంట్లో ఉన్న బిళ్లలన్నీ ఇవాళే తీసేయండి, బైక్ సీటు కింద, టూల్ బ్యాగులో కూడా చూసి. ఎప్పుడైనా పిలిస్తే పలక్కుండా, గుర్రుగుర్రుమని విచిత్రంగా గురక పెడుతూ, పెదాలు నీలంగా, కంటిపాప ఆవగింజంత అయి కనిపిస్తే, "నిద్రపోనీలే, తెల్లారి దిగుతుంది" అనుకోవద్దు. పోయినసారి ఆ తెల్లారేదాకానే కాలు చచ్చింది. 108కి ఫోన్ చేసి, ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో మజ్జిగ, నిమ్మరసం ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏం వేసుకున్నాడో మొదటి మాటగా చెప్పండి. నలాక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఉంది, ఊపిరిని వెనక్కి తెస్తుంది. కానీ ఏం మింగాడో తెలిస్తేనే కదా వెంటనే దానికోసం చెయ్యి చాచేది.

నడుం నొప్పి అలాగే ఉంటుంది కదా, దానికేం చెయ్యాలంటారు. లివర్ బాగుంటే పారాసెటమాల్, డాక్టరు చెప్పిన లెక్కలో. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ ఇక ఈ ఇంటి గడప తొక్కకూడదు, ఇంజెక్షన్ రూపంలో అయినా సరే. నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబలిన్ రాస్తే మోతాదు కిడ్నీకి తగ్గట్టు తగ్గించారా అని అడగండి, దానికీ అలవాటుపడేవాళ్లున్నారు. ఫిజియోథెరపీ, మోకాళ్ల మీద వంగి చేసే పని కొన్నాళ్లు మానడం. మేస్త్రీకి ఈ మాట చెప్పడం తేలిక, చెయ్యడం కష్టమని నాకు తెలుసు. ఆ కుడికాలు కూడా వదిలేయకండి. పాదం పైకి లేస్తోందా, తిమ్మిరి ఉందా చూపించండి, నరం నొక్కుకుపోయి ఉండొచ్చు. నొప్పి బిళ్ల అడగడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఈ మాటలు చదివి క్యాన్సర్ నొప్పికి డాక్టరు రాసిన మార్ఫిన్‌ని మాత్రం ఎవరూ ఆపేయకండి. అది వేరే లెక్క. కిడ్నీ తగ్గినవాళ్లకి మార్ఫిన్ బదులు ఫెంటనిల్ లాంటివి మార్చి రాస్తారు, అంతే.

వేరు మందు: వద్దు. ఆ వేరులో ఏముందో ఇచ్చేవాడికీ తెలియదు. బాగున్న కిడ్నీ మీద ప్రయోగాలు చేసుకోవచ్చేమోగానీ, 5.1 మీద కాదు.

పోలీసు కేసు అవుతుందని దాచామన్నారు. ట్రమడాల్‌ని 2018 ఏప్రిల్‌లో మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి తెచ్చిన మాట నిజమే, భయం అక్కడి నుంచే వచ్చింది. కానీ అదే చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. కొద్దిపాటి పరిమాణంతో దొరికిన అలవాటుపడ్డ మనిషి తానంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకి చేరితే, ఆ చికిత్స పూర్తిచేస్తే, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. డాక్టరుకి చెప్పింది కేసు కోసం కాదు, మందు రాయడానికి. మన ఇంట్లోనే ఇలా జరిగిందని కుమిలిపోవడం కూడా ఆపండి. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసి, 2019లో విడుదలైన సర్వే ప్రకారం దేశంలో ఓపియాయిడ్లు వాడేవాళ్లు 2.26 కోట్ల మంది. జనాభాలో దాదాపు ఒక శాతం వాడేది హెరాయిన్ కాదు, మందుల షాపు సరుకే.

పెళ్లి సంగతి. డాక్టరుగా కాదు, ఇద్దరు ఆడపిల్లల తండ్రిగా చెబుతున్నాను. మూడు నెలల రిపోర్టు వచ్చేదాకా ముహూర్తం పెట్టించకండి, "కాలికి దెబ్బ తగిలింది, కొంచెం ఆగుదాం" అనొచ్చు, అది అబద్ధం కాదు. రిపోర్టు వచ్చాక పెద్దల మధ్య కబురుగా కాకుండా మీ అన్నయ్యే ఆ అమ్మాయితో కూర్చుని మొత్తం చెప్పాలి, బిళ్లల పేరుతో సహా. ఏదో ఒక రాత్రి ఆయన్ని పక్కకి తిప్పాల్సిందీ, 108కి ఏం మింగాడో చెప్పాల్సిందీ ఆ అమ్మాయే కావచ్చు.

రేపటి క్రియాటినిన్, పొటాషియం వచ్చాక ఇక్కడే రాయండి. చూస్తాను.